హాల్ టికెట్ 21, క్లాసు 22: మా కాలేజీ సీఎస్‌ఈ మీద నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, 5కి 2 ఇస్తున్నాను. ఆ రెండిట్లో ఒకటి ఎగ్జామ్ బ్రాంచిలో కూర్చునే ఒక మేడమ్‌ది, కాలేజీది కాదు. సిలబస్‌కి వేరే మార్కులు, అవి కింద చెప్తా.

కాలేజీ పేరు రాయను. నా సర్టిఫికెట్లు ఇంకా వాళ్ల బీరువాలోనే ఉన్నాయి. ఇబ్రహీంపట్నం వైపున్న, జేఎన్‌టీయూ హైదరాబాద్ కింద నడిచే, అటానమస్ కాని (అంటే సిలబస్, పరీక్షలు సొంతంగా పెట్టుకోలేని) ఒక ప్రైవేటు కాలేజీ అనుకోండి, అటువైపు బస్సెక్కితే అలాంటివి కిటికీలోంచి బోలెడు కనిపిస్తాయి. బిల్డింగు గురించి, క్యాంటీన్ గురించి, ప్లేస్‌మెంట్ల గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు, ఆ రివ్యూలు చదివే నేనూ చేరాను. నేను రాసేది వాటిలో ఎక్కడా కనపడని సంగతి. మీరు చదువుతుండగా మధ్యలో రెగ్యులేషన్ మారితే, ఆ మార్పు మీ నెత్తిన పడితే, కాలేజీ ఏం చేస్తుంది అని.

కౌన్సెలింగ్‌కి పిల్లల వెంట వచ్చే అమ్మానాన్నల కోసం ఒక్క మాట. రెగ్యులేషన్ అంటే ఏ సెమిస్టర్‌లో ఏ సబ్జెక్టు, దానికి ఎన్ని క్రెడిట్లు, ఇంటర్నల్స్‌కి ఎన్ని మార్కులు, ఎన్నొస్తే పాస్ అనే మొత్తం కట్ట. ఆర్ పక్కనుండే అంకె అది మొదలైన ఏడాది. ఆర్13, ఆర్15, ఆర్16, ఆర్18, ఆర్22, ఇప్పుడు 2025లో చేరినవాళ్లకి ఆర్25. ఆర్16లో బీటెక్ అంటే 192 క్రెడిట్లు, దేశంలో ఇంజినీరింగ్ చదువుల్ని చూసే ఏఐసీటీఈ 2018లో మోడల్ కరిక్యులమ్ ఇచ్చాక ఆర్18లో అవి 160 అయ్యాయి. ఆంధ్రాలోనూ ఇదే వరస, కాకినాడ జేఎన్‌టీయూ కింద చదివిన మా పెద్దమ్మ కొడుకుది ఆర్20, వాడి చెల్లెలిది ఆర్23, అన్న పుస్తకాలు చెల్లెలికి పనికొస్తాయని అటక మీద దాచిన మా పెద్దమ్మ ఇప్పటికీ యూనివర్సిటీని తిడుతూనే ఉంటుంది.

నాలుగేళ్లూ తిన్నగా చదివి బయటపడేవాడికి ఈ గోలంతా అక్కర్లేదు, చేరినరోజు ఉన్న రెగ్యులేషనే చివరిదాకా. చిక్కంతా మధ్యలో ఆగినవాడికి.

నేను ఆగాను. 2021 ఎంసెట్ బ్యాచ్, కరోనా వల్ల క్లాసులే డిసెంబరులో మొదలయ్యాయి, ఆర్18. 2-2లో, అంటే రెండో ఏడాది రెండో సెమిస్టర్లో, డెంగీ వచ్చింది, పదిహేను రోజులు మంచం మీద, ఆ తర్వాత ఇంకో పదిహేను రోజులు నీరసం పేరు చెప్పి నేనే వెళ్లలేదు (అబద్ధం ఎందుకు), చివరికి అటెండెన్స్ 61 దగ్గర ఆగింది. 75 ఉండాలి, 65 దాటితే మెడికల్ సర్టిఫికెట్, కండొనేషన్ (హాజరు లోటు మాఫీ) ఫీజుతో బయటపడొచ్చు, 65 లోపు అయితే డీటెయిన్, అంటే ఆ సెమిస్టర్ మళ్లీ చదవాలి. దీనికి కాలేజీని ఏమీ అనను, రూలు రూలే. ఆ తర్వాత జరిగినదానికే ఈ రివ్యూ.

2024 మొదట్లో 2-2లో మళ్లీ చేరడానికి వెళ్లాను. అప్పటికి ఆ సెమిస్టర్ చదువుతున్నది 2022లో చేరిన బ్యాచ్, వాళ్లది ఆర్22. అంటే నా హాల్ టికెట్ నంబరు 21తో మొదలవుతుంది, కూర్చునే క్లాసులో అందరివీ 22తో. నిన్నటిదాకా జూనియర్లు, ఇవాళ్టినుంచి బెంచిమేట్లు, కానీ "అన్నా" అనడం మానలేదు, ల్యాబ్ ఎక్స్‌టర్నల్‌లో కూడా "అన్నా రికార్డు ఇవ్వవా" అనేవాళ్లు, ఎగ్జామినర్ తలెత్తి నన్ను చూసి లెక్చరరేమో అనుకున్నాడు ఒకసారి.

ఆఫీసులో రీఅడ్మిషన్ ఫారం ఇచ్చి, "యూనివర్సిటీ నుంచి పర్మిషన్ రావాలి, అప్పటిదాకా రావద్దు" అన్నారు. సరే అని ఇంట్లో కూర్చున్నా. మూడు వారాలయ్యాక ఫోన్ చేస్తే నా ఫారం ఇంకా కాలేజీ టేబుల్ మీదే ఉందని తెలిసింది, యూనివర్సిటీకి పంపనే లేదు, "ఇంకో నలుగురు వస్తే అందరివీ కలిపి పంపుదామని" అట. ఆ మూడు వారాలూ నా అటెండెన్స్‌లో ఆబ్సెంటే. అటెండెన్స్ తక్కువై డీటెయిన్ అయినవాడిని మళ్లీ అటెండెన్స్ తక్కువతోనే క్లాసులోకి పంపడం ఏం న్యాయమో అర్థం కాలేదు. ఆ సెమిస్టర్ మొత్తం జ్వరమొచ్చినా వెళ్లాను, 76.4తో గట్టెక్కాను, ఆ పాయింట్ నాలుగు కూడా మర్చిపోను. డీటెయిన్ అయిన కాలానికి ప్రభుత్వం ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్ 35,000 కూడా నాకు రాలేదు, అది నాన్న జేబు. ఆయన ఏమీ అనలేదు, అదే ఇంకా కష్టంగా ఉండేది.

ఇప్పుడు అసలు సంగతి, జావా.

ఆర్18 సీఎస్‌ఈలో 2-1లో సీ ప్లస్ ప్లస్, 2-2లో జావా. ఆర్22లో సీ ప్లస్ ప్లస్ తీసేసి జావాని 2-1కి జరిపారు. నేను 2-1 ఆర్18లో చదివా, అక్కడ జావా లేదు. 2-2 ఆర్22లో చదివా, అక్కడా లేదు, ఎందుకంటే వాళ్లు ముందు సెమిస్టర్లోనే చదివేశారు. రెండు బస్సులు మారేచోట దిగాల్సిన స్టాపు రెండు రూట్లలోనూ లేకుండా పోయినట్టు. కాగితం మీద ఏ తప్పూ లేదు, నేను జావా పేపరు ఒక్కటీ రాయకుండా సీఎస్‌ఈ ఇంజినీరు అవుతున్నాను. ఇదే వరసలో పైథాన్ కూడా. ఆర్22 వాళ్లకి ఫస్టియర్ రెండో సెమిస్టర్లోనే పైథాన్ ల్యాబ్ ఉంది, మాకు లేదు. 3-2లో మెషిన్ లెర్నింగ్ ల్యాబ్‌కి వచ్చేసరికి క్లాసులో అందరికీ లిస్టులు, డిక్షనరీలు చేతి వేళ్ల మీద ఉన్నాయి, నేను సెమీకోలన్ పెట్టి ఎర్రర్ ఎందుకు రాలేదా అని ఆశ్చర్యపోతున్నా.

రెగ్యులేషన్ మార్చినవాళ్లని నేను తప్పు పట్టను. జావా ముందుకు జరపడం మంచిదే. సిలబస్ మారినప్పుడల్లా ఇలా మధ్యలో ఇరుక్కునేవాళ్లు కొందరు ఉంటారు, వాళ్లకి ఆ సందు పూడ్చాల్సింది చదువు చెప్పే కాలేజీ. నాలాగే ఇరుక్కున్నవాళ్లం మా బ్రాంచిలో పదకొండుమందిమి. అందరం సంతకాలు పెట్టి ఒక దరఖాస్తు రాసుకుని వెళ్లాం, జావాకి, పైథాన్‌కి కలిపి శనివారాలు బ్రిడ్జి క్లాసులు పెట్టమని. "పదకొండుమందికి టైమ్‌టేబుల్ ఎక్కడ వేస్తాం బాబూ" అన్నారు మొదట. రెండోసారి వెళ్తే ఒప్పుకున్నారు. మొదటి శనివారం ఒక సార్ వచ్చి క్లాసు, ఆబ్జెక్టు దాకా బాగా చెప్పారు, నిజంగా బాగా చెప్పారు, రెండో శనివారానికి ఆయన వేరే కాలేజీకి వెళ్లిపోయారు. అంతే, బ్రిడ్జి ఒక స్తంభం దగ్గర ఆగింది. కాలేజీలకి గ్రేడ్లిచ్చే నాక్ తనిఖీకి తయారుచేసిన ఫైల్లో మాత్రం "బ్రిడ్జి కోర్సు నిర్వహించబడింది" అని ఒక పేజీ ఉంది, ఫొటోతో సహా. ఫొటోలో నేను మూడో వరసలో ఉన్నా.

ఇంకొకటి, మార్కుల లెక్క. ఆర్18లో ఇంటర్నల్ 25, ఎక్స్‌టర్నల్ 75. అందుకే మాకో అలవాటు ఉండేది, మిడ్స్ (సెమిస్టర్ మధ్యలో కాలేజీ పెట్టే పరీక్షలు) తేలిగ్గా తీసుకుని చివర్లో యూనివర్సిటీ పరీక్షకి ముందు పది రోజులు కూర్చుని లాగేయడం. ఆర్22లో ఇంటర్నల్ 40, ఎక్స్‌టర్నల్ 60, పైగా ఇంటర్నల్స్‌లో కనీసం 14 రావాలి, రాకపోతే ఎక్స్‌టర్నల్‌లో ఎంత బాగా రాసినా పాస్ కాదు. ఈ ముక్క నాకు కాలేజీలో ఎవరూ చెప్పలేదు. ఫస్టియర్ వాళ్లకి ఓరియెంటేషన్‌లో చెప్తారు కదా, మేం ఫస్టియర్ కాదు, సెకండియర్ వాళ్లకి మళ్లీ చెప్పరు, కాబట్టి మాకు చెప్పే రోజంటూ క్యాలెండర్లో లేదు. మొదటి మిడ్ పాత పద్ధతిలోనే రాశా, డీబీఎంఎస్‌లో 30కి 8 వచ్చాయి, నవ్వుకుంటూ బయటికొచ్చా, పక్కన కూర్చున్న తమ్ముడే "అన్నా, 14 రూలు తెలుసా నీకు" అని అడిగాడు. ఆ రాత్రి నిద్రపట్టలేదు. రెండో మిడ్‌కి పిచ్చిపట్టినట్టు చదివి, అసైన్‌మెంట్ మార్కులతో కలిపి బయటపడ్డా.

పరీక్ష హాల్లో జరిగింది ఇంకా వింత. నాకు ఆర్18 కాలంనాటి ఒక బ్యాక్‌లాగ్ (పాస్ కాని సబ్జెక్టు) ఉండేది, కంప్యూటర్ ఆర్గనైజేషన్. పాత రెగ్యులేషన్ బ్యాక్‌లాగ్ పాత రెగ్యులేషన్‌లోనే రాయాలి. మా కింది బ్యాచ్ వాళ్ల 2-1 పరీక్షలు, మా సప్లీ ఒకే రోజు పడ్డాయి, సబ్జెక్టు పేరు ఒకటే, కాబట్టి అందరినీ ఒకే గదిలో వేశారు. క్వశ్చన్ పేపర్ ఇచ్చారు, పార్ట్ ఏ చూశా, పది మార్కులే ఉంది. పైన మ్యాక్సిమమ్ మార్క్స్ 60. నాకు రావాల్సింది 75 పేపరు, అందులో పార్ట్ ఏ 25. ఇన్విజిలేటర్ సార్‌కి చెప్తే "ఒకే సబ్జెక్టు కదమ్మా, రాసెయ్" అన్నారు. రాసేస్తే ఏమయ్యేదో తలుచుకుంటేనే భయం. నేను లేచి నిలబడి కూర్చోనని మొండికేశాక, చీఫ్ సూపరింటెండెంట్ వచ్చి, పేపరు మళ్లీ ప్రింట్ తీయించి తెచ్చేసరికి పాతిక నిమిషాలు పోయాయి. ఎక్స్‌ట్రా టైమ్ ఇరవై ఇచ్చారు. 26 రావాలి, 31 వచ్చాయి. ఆ గదిలో నాలాంటివాడు ఇంకొకడు ఉంటే, వాడు నెమ్మదస్తుడు అయితే?

ఇక ఆ మేడమ్ గురించి. ఎగ్జామ్ బ్రాంచిలో కిటికీ పక్కన కూర్చుంటారు, హోదా ఏమిటో నాకు సరిగ్గా తెలియదు, క్లర్కే అనుకుంటా. ఆవిడ దగ్గర ఒక పొడుగు రూళ్ల పుస్తకం ఉంది, ఆర్13 కాలం నుంచి చేత్తో రాసుకుంటూ వస్తున్నారట. ఎడమ పేజీలో పాత రెగ్యులేషన్ సబ్జెక్టులు, కుడి పేజీలో కొత్తవి, ఒకదానికొకటి గీతలు. నా నంబరు అడిగి, రెండు పేజీల మీద వేలు జరుపుకుంటూ వెళ్లి ఆగి, "జావా నీకు ఎక్కడా తగలదు నాన్నా, సొంతంగా నేర్చుకో, క్యాంపస్‌లో అదే అడుగుతారు" అన్నారు. హెచ్‌వోడీ చెప్పాల్సిన మాట అది. మా నాలుగేళ్లలో, సారీ, నాలుగున్నర ఏళ్లలో ముగ్గురు హెచ్‌వోడీలు మారారు, ఆవిడ మాత్రం అదే కుర్చీలో ఉన్నారు. ఆ పుస్తకాన్ని స్కాన్ చేసి నోటీసు బోర్డులో పెడితే సగం టెన్షన్ తగ్గుతుందని ఒక సార్‌తో అంటే, "అది అఫీషియల్ కాదు కదా" అన్నారు.

సిలబస్ విషయానికొస్తే, ఆర్22కి నేను మూడున్నర ఇస్తా. ఆల్గారిథమ్స్ 3-2 నుంచి 3-1కి వచ్చింది, కంపెనీల కోడింగ్ పరీక్షలకి ముందే అది చేతిలో ఉండటం పెద్ద సాయం. ఏఐ, మెషిన్ లెర్నింగ్ రెండూ ఎలక్టివ్ కాదు, అందరూ చదవాల్సిందే. డెవాప్స్‌ని (రాసిన సాఫ్ట్‌వేర్‌ని పరీక్షించి, జనం వాడేలా నడిపించే పని) కోర్ సబ్జెక్టు చేశారు, దానికో ల్యాబ్. ఆటోమాటా థియరీ 3-2కి, కంపైలర్ డిజైన్ 4-1కి వెనక్కి వెళ్లాయి, అది నాకు నచ్చలేదు, 4-1లో అందరి మనసూ ప్లేస్‌మెంట్ల మీద ఉంటుంది, పార్సింగ్ టేబుల్స్ ఎవడికి ఎక్కుతాయి? వెబ్ టెక్నాలజీస్ అని ఆర్18లో పూర్తి సబ్జెక్టు ఉండేది, ఇప్పుడు నోడ్, రియాక్ట్, జాంగో కలిపి ఒక్క క్రెడిట్ స్కిల్ కోర్సు, వారానికి రెండు గంటలు. రెండు గంటల్లో రియాక్ట్ ఇన్‌స్టాల్ కూడా కాదు మా ల్యాబ్‌లో.

ల్యాబ్ అన్నాను కాబట్టి అదీ చెప్తా. సిలబస్ 2022ది, సిస్టమ్‌లు మాత్రం నాలుగు జీబీ ర్యామ్‌వి. ఫ్లటర్ ల్యాబ్‌లో ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్ ఆన్ చేసి టీ తాగొచ్చేవాళ్లం, వచ్చేసరికి లోగో తిరుగుతూ ఉండేది. డాకర్ ఒక్క సిస్టమ్‌లో ఆడింది, అది ల్యాబ్ అసిస్టెంట్ అన్న సొంత ల్యాప్‌టాప్. జెంకిన్స్ పెట్టేటప్పుడు జావా హోమ్ పాత్ సెట్ చేయమన్నారు, క్లాసంతా రెండు నిమిషాల్లో చేసేసింది, నాకు ఆ రోజు జావా లేని లోటు మొదటిసారి సిగ్గుగా తగిలింది. డెవాప్స్ చెప్పిన సార్ మాత్రం మొదటి రోజే నిజాయితీగా "నేనూ మీతోపాటే నేర్చుకుంటున్నా, తప్పు కనిపిస్తే చెప్పండి" అన్నారు. ఆ సబ్జెక్టే మాకు బాగా వచ్చింది. అన్నీ తెలిసినట్టు స్లైడ్లు చదివినవాళ్ల సబ్జెక్టుల్లో మాత్రం ఏమీ మిగల్లేదు.

ఇంకో మార్పు మీ కళ్ల ముందే ఉంటుంది, చూసుకోండి. నేను చేరినప్పుడు సీఎస్‌ఈ మూడు సెక్షన్లు. 2024లో ఏఐసీటీఈ సీట్ల మీద పరిమితి ఎత్తేశాక ఎన్నో కాలేజీల్లాగే మావాళ్లూ పెంచుకుంటూ పోయారు, ఇప్పుడు ఏఐఎంఎల్, డేటా సైన్స్ అన్నీ కలిపితే సెక్షన్ల అక్షరాలు ఎక్కడిదాకా వెళ్లాయో నాకే గుర్తుండదు. మెకానికల్ వర్క్‌షాపులో సగానికి పార్టిషన్ కొట్టి మాకు క్లాసు పెట్టారు, వెనకాల టార్పాలిన్ కప్పిన లేత్ మెషిన్లు, మధ్యాహ్నం పూట నూనె వాసన. బ్రాంచి బోర్డులు కొత్తవి, లోపలికి వచ్చే సార్లు పాతవాళ్లే, అదే సార్ పొద్దున సీఎస్‌ఈకి, మధ్యాహ్నం డేటా సైన్స్‌కి.

కాబట్టి మీవాడు ఇలాంటి కాలేజీలో చేరేముందు ప్లేస్‌మెంట్ ఫ్లెక్సీ చూసి సంబరపడకుండా, రీఅడ్మిషన్ ఫారాలు ఎన్ని రోజుల్లో పంపుతారో అడగండి, ల్యాబ్‌లోకి వెళ్లి ఒక సిస్టమ్ మీరే ఆన్ చేసి చూడండి, కుదిరితే హాల్ టికెట్ నంబరు తేడాగా ఉన్న ఒక సీనియర్‌ని పట్టుకుని టీ తాగించండి. మీవాడు డీటెయిన్ కాడు, సరే, నేనూ అవుతాననుకోలేదు.

నేనిప్పుడు ఫైనలియర్. జావా యూట్యూబ్‌లో నేర్చుకున్నా, ఇంటర్వ్యూలో ఒకాయన "సిలబస్‌లో ఏ సెమిస్టర్లో చదివావు" అని అడిగితే ఏం చెప్పాలో తెలియక నవ్వాను.

చివరగా గేటు బయట జిరాక్స్ షాపు అన్నకి 5కి 5. గోడకి మూడు అరలు కొట్టించాడు, స్కెచ్ పెన్నుతో ఆర్18, ఆర్22, ఆర్25 అని రాసి అతికించాడు. ఆర్18ది చిన్న అర, అయినా తీసేయలేదు. బ్యాక్‌లాగ్ టైమ్‌లో వెళ్లి "అన్నా, కంప్యూటర్ ఆర్గనైజేషన్ మెటీరియల్ ఉందా" అంటే, చేతిలో పని ఆపకుండానే "రెగ్యులరా, రీఅడ్మిషనా?" అన్నాడు. స్పైరల్ బైండింగ్‌తో కలిపి 80 రూపాయలు.